ఒక సెక్షన్ పనితనం

మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లును శాసనసభల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చాలావాటికి చర్చకు వంతే రాదు, సభ గడువు తీరగానే మురిగిపోతాయి. గట్టెక్కిన కొద్దిపాటి బిల్లుల్లో నాకు బాగా నచ్చింది, డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసన మండలిలో నెగ్గించుకున్న 1929 నాటి సవరణ. దేవదాసీ సంస్కరణ అనగానే ఆమె పేరు అందరూ తలుస్తారు. ఆ బిల్లును విప్పి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

పుదుక్కోట్టైలో పుట్టి, 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకున్న ఆమె 1926లో నామినేటెడ్ సభ్యురాలిగా మండలిలో అడుగుపెట్టారు. మరుసటి ఏడే ఉపాధ్యక్షురాలయ్యారు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ కుటుంబమే. కాబట్టి ఈ వ్యవహారం ఆమెకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. గంజాం నుంచి తిరునల్వేలి దాకా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో అటు తమిళ జిల్లాల్లోనూ ఇటు మన జిల్లాల్లోనూ ఆడపిల్లకు దేవుడి పేర తాళి కట్టించి గుడికి అప్పగించడం మామూలుగా సాగుతున్న రోజులవి.

ఆమె నేరుగా బిల్లుతో మొదలుపెట్టలేదు. 1927 నవంబరులో ముందు ఒక తీర్మానం పెట్టారు. ఆడపిల్లల్ని ఆలయాలకు అంకితం చేసే ఆచారాన్ని ఆపేలా చట్టం తెమ్మని ప్రభుత్వానికి సిఫారసు, అంతే. తీర్మానానికి చట్టబలం లేదు. కానీ సభ ఒకసారి ఔనన్నాక, అదే ఉద్దేశంతో వచ్చే బిల్లును కాదనడానికి సభ్యులకు నోరు పెగలదు. ఆ తీర్మానాన్ని సభ ఆమోదించింది. తర్వాత బిల్లు కూడా ఆమే తెచ్చారు.

ఇక అసలు చిక్కు. మైనరు బాలికను వ్యభిచారం కోసం అప్పగించడాన్ని శిక్షించే 372, 373 సెక్షన్లు శిక్షాస్మృతిలో అప్పటికే ఉన్నాయి. అయితే ఆ ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయాలి. గుడిలో జరిగే తంతులో మంత్రాలూ పూలూ కనిపిస్తాయి గానీ ఉద్దేశం ఎక్కడ కనిపిస్తుంది? మైసూరు సంస్థానం 1909లో తన ఆలయాల్లో దేవదాసీల సేవను ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. రాజుగారి పాలన కాబట్టి అక్కడ చెల్లింది. మద్రాసులో ఓట్లు కూడగట్టాలి, పైగా మతంలో వేలు పెట్టారన్న మాట పడకుండా చూసుకోవాలి.

ముత్తులక్ష్మీరెడ్డి తాళి మీదికి పోలేదు, భూమి మీదికి వెళ్లారు. గుడిలో ఆడిపాడే స్త్రీకి జీతం బదులు మాన్యం ఉండేది. సేవ చేస్తున్నంత కాలమే అది అనుభవంలో ఉంటుంది. తల్లికి వయసు మళ్లితే ఆ సేవకు మరో పిల్ల కావాలి, లేకపోతే భూమి చేజారుతుంది. కన్నకూతురో పెంచుకున్న కూతురో, ఎవరో ఒకరి మెడలో తాళి పడేది ఆ నాలుగు ఎకరాల కోసం. నిషేధం ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఆ ఇంటి నోటిదగ్గర కూడు లాగేసినట్టే. అందుకని ఆమె పానగల్ రాజా ప్రభుత్వం తెచ్చిన హిందూ ధర్మాదాయ చట్టాన్ని పట్టుకుని, అందులో 44-ఎ అనే కొత్త సెక్షన్ చేర్పించారు. ధర్మాదాయాలు రాష్ట్ర మంత్రుల చేతిలో ఉన్న శాఖ, ఢిల్లీలో తేలాల్సిన శిక్షాస్మృతి కాదు. పని ఎక్కడ తెములుతుందో చూసి ఎంచుకున్న చోటు అది.

ఆ సెక్షన్ చేసే పని వినడానికి చప్పగా ఉంటుంది. దేవదాసీ సేవ కోసం ఇచ్చిన మాన్యాన్ని సేవ అనే షరతు నుంచి విడిపిస్తుంది, బదులుగా కొంత శిస్తు కట్టమంటుంది. భూమి ఆ దేవదాసిదే. ఇక గుడికి ఆమె ఏ సేవా బాకీ లేదు. ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు, ఎవరికీ జైలు రాయలేదు. పిల్లను గుడికి ఇవ్వాల్సిన అవసరాన్ని మాత్రం మొదట్లోనే తెగ్గొట్టింది. సంస్కరణ చట్టాల్లో ఇంత నిదానం అరుదు. సంస్కర్తలకు సాధారణంగా శిక్షల మీదే మోజు.

ఎదురు చెప్పినవాళ్లలో సత్యమూర్తి వంటి కాంగ్రెస్ దిగ్గజం ఉన్నారు, దేవదాసీలూ ఉన్నారు. తమను వేశ్యలతో కలిపి కట్టొద్దని, తమ కళనూ ఆస్తి హక్కునూ కాపాడమని వాళ్లు ప్రభుత్వానికి మహజర్లు పెట్టుకున్నారు. ‘రాధికా సాంత్వనము’ కావ్యాన్ని మళ్లీ అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పక్షాన నిలిచారు. అది ఉత్త ఛాందసమని కొట్టిపారేయలేం. ఆడవాళ్లకు ఆస్తి, చదువు, సొంత సంపాదన ఉన్న ఇళ్లు ఆ కాలంలో ఎన్ని? ముత్తులక్ష్మీరెడ్డి ఉపన్యాసాల్లో ఆ భయానికి జవాబు పెద్దగా దొరకదు. ఆమె మాట కరుకు. చిత్రమేమిటంటే, ఆమె రాయించిన సెక్షన్‌లో మాత్రం ఆస్తి సంగతికి జవాబుంది.

లోటు లేకపోలేదు. మాన్యం లేని ఇంటికి 44-ఎ వల్ల ఒరిగిందేమీ లేదు, అంకితం చేయడమూ నేరం కాలేదు. ఆ ఖాళీ పూడ్చడానికి 1930లో ఆమె నిషేధ బిల్లు పెట్టారు. గాంధీ అరెస్టుకు నిరసనగా అదే ఏడు రాజీనామా చేయడంతో బిల్లును ముందుకు నడిపే మనిషి సభలో లేకుండా పోయారు. సభ్యుల బిల్లులకు ఉన్న పెద్ద జబ్బు ఇదే. మనిషి లేకపోతే కాగితం కదలదు.

నిషేధం చివరికి 1947లో వచ్చింది. అందులో బోగం, కళావంతులు, సాని, నాగవాసులు అంటూ మన జిల్లాల కులాల పేర్లు వరసగా కనిపిస్తాయి. అంకితమైన స్త్రీకి పెళ్లి చెల్లదన్న ఆచారాన్ని అది కొట్టేసింది. ఆ మేలు గొప్పదే. అయితే అదే చట్టం గుడి ఆవరణలో ఆ స్త్రీల నాట్యాన్ని కూడా నిషేధించింది. 1929 సవరణ ఆటపాటల జోలికి పోలేదు. ఆడాలో మానాలో తేల్చుకునే పనిని ఆ స్త్రీలకే వదిలేసింది.