నాపబండ మీద క్రిస్మస్

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన ముగిసిందంటే పత్తికొండలో సెమీ క్రిస్మస్ పిలుపులు మొదలవుతాయి. బడిలో ఒకటి, ఆఫీసులో ఒకటి, యువజనుల కూటంలో ఒకటి, స్త్రీల సమాజంలో ఒకటి. ఇరవై అయిదో తేదీ వచ్చేలోపే కేకు మొహం మొత్తిపోతుంది. ఎక్కడికి పోయినా వరస ఒకటే. కాగితపు ప్లేటులో బేకరీ కేకు ముక్క, గుప్పెడు కారాలు, ఒక అరటిపండు. ఎవరి ప్లేటు వాళ్లు పట్టుకుని కుర్చీల్లో కూర్చుంటారు, తింటారు, లేచిపోతారు.

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఈమధ్య పండక్కి వస్తూ ఇంకో పద్ధతి వెంట తెస్తున్నారు. మధ్యలో ఒక పెద్ద చెక్కపలక పెడతారు. దాని మీద ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం పలుచటి పొరలు, చీజు ముక్కలు, ఉప్పు బిస్కెట్లు, ద్రాక్షపండ్లు, బాదంపప్పులు, ఆలివ్ కాయలు నిండుగా పరుస్తారు. చుట్టూ చేరి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. షార్కుటరీ బోర్డు అని దాని పేరు. పలక ఉన్నంతసేపూ మనుషులు దాని చుట్టే నిలబడి మాట్లాడుకుంటారు. చేతులు ఒకదానికొకటి తగులుతుంటాయి. ఇది నాకు ఎంతో నచ్చింది. పరిచిన సరుకు మాత్రం నచ్చలేదు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వచ్చిన చీజు చెమటలు పట్టి ఉంటుంది. డబ్బాలో మాంసం పొరలకు ఉప్పు తప్ప ఇంకో రుచి ఉండదు. వాటికి పెట్టిన డబ్బుతో మన ఊళ్లో ఒక పొట్టేలు తొడ వస్తుంది.

ఆ పలక వెనక ఉన్న విద్య చాలా పాతది. మాంసం వండి, ఉప్పువేసి అమ్మే పనివాళ్లకు ప్యారిస్‌లో 1476లోనే సొంత కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఫ్రిజ్ అన్న మాట లేని కాలంలో చంపిన జంతువును ఏడాది పొడుగునా తినాలంటే ఉప్పు, పొగ, గాలి తప్ప వేరే దారి లేదు. ఇటలీలోని పార్మాలో ఈనాటికీ పంది తొడకు ఉప్పు ఒక్కటే పట్టించి, కొండగాలికి ఏడాదికి పైగా ఆరనిస్తారు. దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్, అండీస్ కొండల్లో చార్కీ కూడా ఇలాగే మాంసాన్ని ఎండబెట్టి చేసేవి. పొడిగాలి వీచే నేలలో మనుషులు కనిపెట్టుకున్న తిండి ఇది. కర్నూలు జిల్లా సగటు వాన ఏడాదికి 670 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ గాలి మనకు కొనకుండానే వచ్చింది. దానితో చేసుకునే ఉప్పుకండ మన మిద్దెల మీదే ఎండుతుంటే, ప్లాస్టిక్ డబ్బాలో పొరలు తెప్పించుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఉప్పుకండ చేయడం మా అవ్వ దగ్గర చూసి నేర్చుకున్నాను. ఎముక, కొవ్వు లేని తొడ కండ తీసుకోవాలి. కొవ్వు ఎండదు, నాలుగు రోజులు పోతే మక్కిన వాసన కొడుతుంది. కండను పోగు వెంబడి, వేలెడు మందానికి మించకుండా పొడుగ్గా కోయాలి. అడ్డంగా కోస్తే ఎండాక పొడిపొడిగా రాలిపోతుంది. కిలో కండకు నలభై, యాభై గ్రాముల రాళ్ల ఉప్పు దంచి పోయాలి. పసుపు, ఎండుమిరపకాయల కారం, నూరిన అల్లం వెల్లుల్లి వేసి, ప్రతి ముక్కకూ రెండు పక్కలా రుద్ది, మూతపెట్టి చల్లటి చోట ఒక రాత్రి ఉంచాలి. తెల్లారి చూస్తే అడుగున ఎర్రటి నీళ్లు ఊరి ఉంటాయి. మాంసంలో నాలుగింట మూడు వంతులు నీళ్లే. ఉప్పు చేసే మొదటి పని వాటిని బయటికి లాగడం. ఆ నీళ్లు వంపేసి, ముక్కలను పిండి, దారానికి గుచ్చి, మిద్దె మీద దండేనికి కట్టాలి.

"ముక్కకూ ముక్కకూ మధ్య గాలి పోవాల పాపా, అంటుకుంటే ఆడనే కుళ్లుతాది" అనేది అవ్వ.

కాకులు, గద్దలు తన్నుకుపోకుండా, ఈగ వాలకుండా పైన పలుచటి దోమతెర కప్పాలి. పొద్దు వాలగానే లోపలికి తెచ్చుకోవాలి, లేకపోతే మంచు పట్టి మళ్లీ తడి ఎక్కుతుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో రాత్రిపూట పొయ్యి మీదుగా వేలాడదీసేవాళ్లు, ఆ పొగ కూడా కండకు బలమే. మూడు నాలుగు మంచి ఎండలు తగిలాక ముక్కను వంచి చూడాలి. రబ్బరులా వంగితే ఇంకా లోపల తడి ఉన్నట్టు. టక్కున విరిగి, విరిగినచోట పోగులు కనబడితే అయినట్టు. కిలో కండ ఎండితే పావుకిలో పైచిలుకు మిగులుతుంది. డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగిస్తే పండగ దాటినా చెడదు.

వడ్డించే రోజు రోట్లో వేసి రోకలితో రెండు దెబ్బలు వేయాలి. ముక్క నలిగి, పోగులు విడతాయి. బుడ్డల నూనెలో చిన్న మంట మీద ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు వేసి వేయించితే ఆ వాసన వీధి చివరి దాకా పోతుంది.

ఆ వాసనే ఒకప్పుడు మా వాళ్లను తలవంచుకునేలా చేసింది. లండన్ మిషన్ వాళ్లు 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత గుత్తికీ జమ్మలమడుగుకూ వచ్చారు. కర్నూలుకు అమెరికన్ బాప్టిస్టులు, నంద్యాల వైపు ఆంగ్లికన్లు వచ్చారు. ఆ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలగేరి, మాదిగగేరి మనుషులే. ఊళ్లో పశువు చస్తే మోసుకుపోవలసింది వాళ్లే. ఆ మాంసాన్ని ఎండబెట్టి దాచుకుని కరువు కాలంలో బతికిందీ వాళ్లే. పెద్దకూర తునకలు అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఊరు, వాళ్లకు వేరే గ్లాసు పెట్టిన ఊరు ఒకటే. మా అవ్వ తునకల దారాన్ని ఎప్పుడూ ఇంటి వెనక పక్కకే కట్టేది, బాట మీద పోయేవాళ్లకు కనబడకుండా. క్రిస్మస్ నాడు ఊళ్లోకి పంపే పళ్లెంలో పండ్లు, కలకండ, కొబ్బరికాయ మాత్రమే ఉండేవి. మా పొయ్యి మీద వండింది ఏదైనా వాళ్లు తినరని తెలుసు.

అందుకే నలుగురూ ఒకే పలక మీద చేతులు పెట్టి తినే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చినా నాకు ముద్దే. మా అవ్వ కాలంలో అది ఊహకు అందని సంగతి. ఆ పలక మధ్యలో ఉప్పుకండే ఉండాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. ఇప్పుడు పెద్ద హోటళ్లు మటన్ ఉప్పుకండను రాయలసీమ స్పెషల్ అని మెనూలో రాసి మంచి రేటుకే అమ్ముతున్నాయి. అమ్మనివ్వండి. కానీ ఆ విద్యను కరువుల్లో కాపాడుకుంటూ వచ్చిన ఇళ్లలోనే పండగ రోజున అది వెనక గదిలో ఉండిపోతే, దాని స్థానంలో పార్మా పేరు రాసిన డబ్బా వస్తే, నేను ఒప్పుకోలేను.

ఇక మిగతా సరుకు. పలకకు కింద పలుచటి గట్టి రొట్టె కావాలి. అందుకు మన దగ్గర జొన్నరొట్టె ఉంది. పలుచగా తట్టి, పెనం మీద కాల్చి, సెగకు ఆరబెడితే అప్పడంలా విరుగుతుంది. బళ్లారి, రాయచూరు వైపు కడక్ రొట్టె అని కట్టలు కట్టి అమ్మేది ఇదే. దాని మీద ఉప్పుకండ పోగులు, ఒక చుక్క నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ పెట్టుకు తింటే ఏ బిస్కెట్టూ గుర్తుకు రాదు. చీజు ఇచ్చే కొవ్వు, కమ్మదనం బుడ్డలు ఇస్తాయి. కొన్ని దోరగా వేయించి ఉప్పునీళ్లు చల్లి ఆరబెట్టాలి, కొన్ని బెల్లం పాకంలో వేసి అచ్చు పోయాలి, ఇంకొన్ని వెల్లుల్లి కారంతో గట్టిగా నూరి చిన్న గిన్నెలో పెట్టాలి.

ఆలివ్ కాయల పని టమాటాలది. పత్తికొండ మార్కెట్ ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రేటు పడిపోయిన రోజుల్లో కోత కూలి, బండి బాడుగ కూడా రాక రైతులు గంపలకు గంపలు రోడ్డు మీద పారబోసిన దృశ్యాలు ఇక్కడ అందరం చూసినవే. టమాటాలో నూటికి తొంభై నాలుగు, తొంభై అయిదు వంతులు నీళ్లు. రెండుగా కోసి, గింజల నీళ్లు పిండేసి, ఉప్పు చల్లి, తెల్లగుడ్డ మీద పరిస్తే మన ఎండకు నాలుగైదు రోజుల్లో తోలులా ఎండి ముదురెరుపుకు వస్తాయి. దాదాపు పదిహేను కిలోలకు కిలో వస్తుంది. వెల్లుల్లితో వేయించి చల్లార్చిన నూనె పోసి రెండు గంటలు ఉంచితే పులుపూ తీపీ కలిసి పలక మీద అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేది అదే. ఇటలీవాళ్లు ఇదే చేసి సీసాల్లో పోసి ప్రపంచమంతా అమ్ముకుంటున్నారు. ఒక్కో ఇల్లు ఒక గంప ఎండబెట్టినంత మాత్రాన మార్కెట్ రేటు లేవదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇంత టమాటా పండే నేలలో టమాటా నిలవ చేసే చెయ్యి ఇంటింటా ఉండాలి. స్త్రీల సమాజాలు కలిసి చేస్తే పండగ ఖర్చులు కూడా గిట్టుతాయి.

తీపికి గులాబీ పువ్వులు, కజ్జికాయలు ఎలాగూ ఉంటాయి. గుంతకల్లు రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ వంటలు తిన్నవాళ్లు కల్‌కల్స్ కూడా చేస్తారు. ఈ కాలంలో రేగిపండ్లు వస్తాయి, జామ ఉంటుంది, అనంతపురం చీనీకాయలు, దానిమ్మ ఉంటాయి. కేకును పలక మీదికి తేవద్దని నా సలహా. దాని పొడి అన్నిటి మీదా రాలుతుంది.

చెక్కపలక కోసం ఆన్‌లైన్‌లో వెతకనక్కర్లేదు. బండల దుకాణంలో మెరుగు పట్టిన బేతంచెర్ల నాపబండ చిన్న ముక్క అడగండి. 2022లో జిల్లాలు విడిపోయి బేతంచెర్ల నంద్యాల వైపు పోయింది గానీ, మన ఇళ్ల గచ్చులన్నీ ఆ బండలే. అంచులు అరగదీయించి, కడిగి ఆరబెడితే నల్లటి బండ మీద దానిమ్మ గింజలు, జొన్నరొట్టె తెలుపు, ఎండు టమాటా ఎరుపు ఎంత బాగా లేస్తాయో చూడాలి. డిసెంబరులో బండ చల్లగా కూడా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. నాపరాయి సున్నపురాయి జాతిది. నిమ్మకాయ, చింతపండు, టమాటా పులుపు తగిలితే మెరుగు పోయి తెల్లమచ్చ పడుతుంది, మళ్లీ పోదు. పులుపువన్నీ గిన్నెల్లోనే ఉండాలి.

పరిచేటప్పుడు ముందు ఆ గిన్నెలను దూరదూరంగా పెట్టుకోండి. తర్వాత మధ్యలో ఉప్పుకండ, దాన్ని ఆనుకుని రొట్టె ముక్కలు. మిగిలిన ఖాళీల్లో బుడ్డలు, పండ్లు. తడి వస్తువు పొడి వస్తువును తాకకూడదు. కోసిన చీనీ తొన పక్కన గులాబీ పువ్వు పెడితే పావుగంటకు మెత్తబడుతుంది. పదిమందికి పావుకిలో ఎండు కండ చాలు. బండ నిండుగా కనబడాలి గానీ వస్తువులు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎత్తు కావాలంటే గులాబీ పువ్వులను నిలబెట్టండి.

మన ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లో కనబడేది ఒక చావు వల్ల. 1827 జూలై 6న మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో ఇక్కడే కలరాతో పోయాడు. శుభ్రత గురించి మాట్లాడేటప్పుడల్లా నాకు ఆ సంగతి తలపుకొస్తుంది. నలుగురు చేతులు పెట్టే పలక దగ్గర మరీ. పక్కన చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఉండాలి. గిన్నెకో చెంచా ఉండాలి. ఉప్పుకండ, ఎండు రొట్టె, బుడ్డలు ఎంతసేపున్నా ఫరవాలేదు. కొబ్బరి చట్నీ, పెరుగు, కోసిన పండ్లు, నూనెలో వేసిన టమాటా మాత్రం రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. కొంచెం కొంచెంగా తెచ్చి నింపుతూ పోవడం మేలు.

మాంసం ముట్టనివాళ్లు వస్తారు. వాళ్లకు రెండో బండ పరచండి, దాని చెంచాలు వేరుగా ఉంచండి, కానీ లోపలి గదిలో పెట్టకండి. మొదటి బండ పక్కనే ఉండాలి, రెండు బండల దగ్గరి మనుషులూ మాట్లాడుకునేంత దగ్గరగా. పెద్దకూర తునకలు పెట్టే ఇల్లయితే పేరు చెప్పి వేరే పళ్లెంలో పెట్టండి. ఏది తినాలో, ఏది వద్దో వచ్చినవాళ్లు తేల్చుకుంటారు.

ఇరవై నాలుగు రాత్రి క్యారల్స్ బృందం ఇంటికొచ్చేసరికి బండ సిద్ధంగా ఉండాలంటే, కండ పదిహేనో తేదీకల్లా దండెం ఎక్కాలి. కోసే ముందు ఆకాశం చూసుకోండి. డిసెంబరులో బంగాళాఖాతంలో తుఫాను పుడితే మన మీదికి కూడా మబ్బు కమ్ముతుంది. అలాంటప్పుడు కండ తేవద్దు, రెండు రోజులు ఆగండి. టమాటాలు మాత్రం ఎండ కాస్తున్న ఈ వారమే కోసి పరచండి.