మలుపులో దాగిన సెకన్లు

"పులివెందులకు ఎంతసేపట్లో పోయినావు?" కడప చుట్టుపక్కల బండి ఉన్న కుర్రాళ్ల మధ్య ఈ ప్రశ్న ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. పెండ్లిమర్రి, వేంపల్లె మీదుగా పోయే ఆ రోడ్డు మీద గంటలో పోయినవాడు మొనగాడు, గంటకు లోపే పోయినవాడు ఇంకా పెద్ద మొనగాడు. ఆ నిమిషాల లెక్కను నేను నమ్మను. ఒకరోజు గొర్రెల మంద అడ్డం వస్తుంది. ఇంకోరోజు రోడ్డు సగానికి వేరుశనగ ఆరబోసి ఉంటారు. మరోరోజు దారి ఖాళీగా దొరుకుతుంది. ఆ నిమిషాల్లో నడిపినవాడి పనితనం ఎంతో, రోడ్డు కలిసొచ్చింది ఎంతో విడదీసి చెప్పలేం. పైగా ఆ లెక్క తప్పిన రోజు నష్టపోయేది నడిపినవాడు ఒక్కడే కాదు.

వేగాన్ని నిజంగా కొలవాలంటే మిగతావన్నీ మారకుండా ఉండాలి. ఒకే దారి, అందరూ ఒకే దిక్కుకు పోవడం, ఎదురుగా ఎవరూ రాకపోవడం, పడినా జారిపోవడానికి పక్కన ఖాళీ నేల ఉండడం. అలాంటి చోట ఈ చుట్టుకూ ఆ చుట్టుకూ మధ్య తేడా వచ్చిందంటే అది నడిపినవాడి కళ్లలో, చేతుల్లో వచ్చిన తేడానే. పందేల ట్రాక్‌ను ఒకరోజు మామూలు బండివాళ్లకు తెరిచే ట్రాక్ డే అనే ఏర్పాటు విలువంతా అక్కడే ఉంది.

సీమకు ఈ రకం తూకం కొత్తదేమీ కాదు. తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు చూసినవాళ్లకు తెలుసు. అక్కడ గడువు ముందే పెడతారు, ఆ గడువులో బండ ఎన్ని అడుగులు కదిలిందన్నది లెక్క. ట్రాక్‌లో దూరం ముందే ఉంటుంది, పట్టిన సమయం లెక్క. బరి చివర జతను తిప్పేటప్పుడు ఊపు పోగొట్టుకున్నవాడు ఆ తర్వాత ఎంత అదిలించినా పోయింది పూడదు. బండి మీద కూడా సంగతి మలుపు దగ్గరే తేలుతుంది.

దక్షిణాదిలో ఈ విద్యకు పాత చిరునామా మద్రాసు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన షోలవరం రన్‌వే మీద ఏళ్ల తరబడి పందేలు నడిపింది. తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుని 1990లో తెరిచింది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, 2.1 కిలోమీటర్లు. ఉత్తరాన గ్రేటర్ నోయిడాలో 2011లో తెరిచిన బుద్ధ సర్క్యూట్ ఉంది. 2023 సెప్టెంబరులో బైకుల ప్రపంచ పందెం మోటోజీపీ మన దేశానికి వచ్చినప్పుడు పందెం అక్కడే జరిగింది, ఇటలీకి చెందిన మార్కో బెజెక్కి గెలిచాడు. మనవాళ్లకు మాత్రం కడప నుంచి రాజంపేట, రేణిగుంట మీదుగా ఒక పూట ప్రయాణంలో ఇరుంగాట్టుకోట్టై అందుతుంది.

ట్రాక్ డే పందెం కాదు. అక్కడ కప్పులు ఉండవు, ఎవరినీ ఓడించాల్సిన పని ఉండదు. ఉదయాన్నే బండిని తనిఖీ చేస్తారు. ఆయిలు కారుతోందా, బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయి, చైను వదులుగా ఉందా, ఎక్సలేటర్ వదిలితే వెంటనే వెనక్కి వస్తోందా చూస్తారు. అద్దాలు తీసేయాలి, లైట్లకు టేపు వేయాలి. నడిపేవాడి ఒంటి మీద తోలు సూటు, చీలమండ దాటిన బూట్లు, మణికట్టు కప్పే గ్లోవ్స్, వీపుకు ప్రొటెక్టర్, ముఖమంతా మూసే హెల్మెట్ ఉండాలి. జెండాల అర్థం చెప్తారు. పసుపు ఊగితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. ఎరుపు కనిపిస్తే వేగం తగ్గించుకుని పిట్‌లోకి వచ్చేయాలి. కొత్తవాళ్లను, అలవాటైనవాళ్లను వేర్వేరు గుంపులు చేసి విడతకు పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు.

ఇక సెకన్లు ఎక్కడున్నాయో చూద్దాం. కొత్తవాళ్లందరూ తిన్నని దారిలో వెతుకుతారు. 500 మీటర్ల తిన్నని దారిని గంటకు 180 కిలోమీటర్ల వేగంతో దాటడానికి 10 సెకన్లు పడుతుంది. ఆ వేగాన్ని 186కు పెంచితే సెకనులో మూడోవంతు కలిసొస్తుంది. ఆ 6 కిలోమీటర్ల కోసం ఇంజనుకు దాదాపు పదో వంతు బలం ఎక్కువ కావాలి, ఎందుకంటే అంత వేగంలో బండి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే సరిపోతుంది. ఇప్పుడు 100 మీటర్ల మలుపు తీసుకోండి. 54 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 6.7 సెకన్లు. అదే 60తో తిరిగితే 6 సెకన్లు. అవే 6 కిలోమీటర్లు, ఐదో వంతు దూరంలో, రెట్టింపు లాభం. బండికి ఒక్క రూపాయి పెట్టాల్సిన పని లేదు. పైగా మలుపు నుంచి ఎంత వేగంతో బయటపడతామో ఆ వేగమే తర్వాతి తిన్నని దారి పొడుగునా వెంట వస్తుంది. ఎగ్జాస్టు మార్చడానికి డబ్బు దాచుకునే కుర్రాడికి నేను చెప్పే మొదటి మాట ఇదే. ఆ డబ్బు టైర్లకు, నేర్చుకోవడానికి పెట్టమంటాను.

మలుపులో వేగం పెరగకుండా ఆపేది ఏమిటి? ధైర్యం చాలకపోవడం అని అందరూ అంటారు. అది సగం మాట. అసలు అడ్డం మన ఒళ్లే. అమెరికాకు చెందిన కీత్ కోడ్ 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టాడు. ఆ బడి తరగతులు ఇరుంగాట్టుకోట్టైలో కూడా జరిగాయి. ఆయన తన పుస్తకాల్లో, పాఠాల్లో తేల్చిన పెద్ద సంగతి ఏమిటంటే, భయం వేసినప్పుడు ఒళ్లు తనంతట తాను చేసే పనులన్నీ బండికి పడనివే. మలుపులోకి కాస్త వేగంగా వచ్చామనిపించగానే కుడిచేయి ఎక్సలేటర్‌ను టక్కున మూసేస్తుంది. దాంతో భారమంతా ముందు టైరు మీదికి దూకుతుంది, ముందు సస్పెన్షన్ కుంగుతుంది, బండి గీత తప్పుతుంది. చేతులు హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటాయి. అప్పుడు రోడ్డు మీది ప్రతి చిన్న ఎత్తుపల్లాన్నీ సొంతంగా సర్దుకోవాల్సిన ముందు చక్రం మన భుజాలతో పెనుగులాడాల్సి వస్తుంది. అన్నిటికన్నా చెడ్డది కళ్ల పని. భయపెట్టిన చోటనే, ఆ మట్టి అంచునో ఆ గోడనో చూస్తూ ఉండిపోతాయి. కళ్లు ఎటు పోతే బండి అటే పోతుంది. ఈ విద్యలో సాధన అంటే ఒళ్లు నేర్చిన ఈ పాత అలవాట్లను ఒక్కొక్కటిగా మాన్పించడం.

అందుకే పాఠం కళ్లతో మొదలవుతుంది. ప్రతి మలుపుకూ మూడు గుర్తులు కావాలి. బ్రేకు పట్టే చోటు, బండి వంచే చోటు, మలుపు లోపలి అంచుకు ఆనుకుని పోయే చోటు. గుర్తు కదలనిదై ఉండాలి. తారు మీది అతుకు, రంగు వేసిన అంచు, దూరం చెప్పే బోర్డు పనికొస్తాయి. నీడ పనికిరాదు, మధ్యాహ్నానికి జరిగిపోతుంది. ఒక గుర్తు చేరేలోపే చూపు తర్వాతి గుర్తుకు వెళ్లిపోవాలి. దగ్గర చూస్తే 60 కూడా పిచ్చి వేగంలా అనిపిస్తుంది, దూరం చూస్తే అదే వేగం నెమ్మదిస్తుంది. ఇరుంగాట్టుకోట్టైలో మెయిన్ స్ట్రెయిట్ చివర వచ్చే మొదటి మలుపు సీ1 లాంటి వేగమైన కుడి మలుపులో ఈ తేడా ఒళ్లంతటికీ తెలుస్తుంది.

తర్వాత బ్రేకు. ముందు బ్రేకును ఒక్కసారి లాగకూడదు. మొదట తేలిగ్గా పట్టి, భారం ముందుకు జరిగి టైరు నేలను అదుముకునే దాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు గట్టిగా పిండాలి. వదిలేటప్పుడు అంతకన్నా నెమ్మది కావాలి. పట్టడం అందరూ త్వరగానే నేర్చుకుంటారు, వదలడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. బ్రేకు ఠక్కున వదిలితే కుంగిన ముందుభాగం లేచి, సరిగ్గా బండి వంచే వేళకు టైరు మీద భారం తగ్గిపోతుంది. బాగా నేర్చినవాళ్లు బండి వంగే కొద్దీ బ్రేకును కొంచెం కొంచెంగా సడలిస్తూ మలుపు లోపలి దాకా తీసుకుపోతారు. నేలను తాకే టైరు అరచేయంత. దాని పట్టును వంగడానికీ ఆగడానికీ పంచుకోవాలి. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి. కొత్తవాళ్లు దీని జోలికి పోకుండా, బండి నిలువుగా ఉండగానే బ్రేకు పని ముగించుకోవడం మేలు.

బండిని వంచేది నడుము కాదు, హ్యాండిలే. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా, సైకిల్ తొక్కే ప్రతివాడూ తెలియకుండా చేసే పనే ఇది. తెలిసి చేస్తే బండి చటుక్కున, అనుకున్న చోట వంగుతుంది. ఎంత వంగాలన్నది వేగమూ మలుపు వ్యాసార్ధమూ తేలుస్తాయి. 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గీత మీద 72 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే సుమారు 45 డిగ్రీలు వంగాలి. అదే మలుపులో బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ బయటికి పోయే గీత పట్టి వ్యాసార్ధాన్ని 60 మీటర్లకు సాగదీస్తే 34 డిగ్రీలు చాలు. మోటోజీపీలో 60 డిగ్రీలు దాటి వంగేవాళ్లను టీవీలో చూసి మోకాలు నేలకు ఆనించడమే విద్య అనుకుంటున్నారు మన పిల్లలు. అదే వేగాన్ని తక్కువ వంపుతో సాధించడమే విద్య. మోకాలు, ట్యాంకును పట్టిన బయటి తొడ, వదులుగా ఉంచిన మోచేతులు, లోపలికి జరిపిన తల, అన్నీ ఆ వంపు తగ్గించడానికే.

బండి వంగి గీత మీద కుదురుకున్నాక ఎక్సలేటర్‌ను కొద్దిగా తెరిచి, మలుపు అయ్యేదాకా ఆగకుండా, ఎగుడుదిగుడు లేకుండా పెంచుతూ పోవాలి. కోడ్ అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టే సూత్రం ఇది. అలా చేస్తే భారం కాస్త వెనక్కి జరిగి, ముందు టైరు తేలికపడి, సస్పెన్షన్ తన పని చేసుకునే ఎత్తులో నిలబడుతుంది. ఇది కుదరడం లేదంటే మలుపులోకి రావాల్సిన దానికన్నా వేగంగా వచ్చామని అర్థం. లోపలికి వచ్చేటప్పుడు కాస్త వేగం తగ్గించుకున్నవాడు బయటికి ఎక్కువ వేగంతో పోతాడు.

సమయం తగ్గించుకునే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొదట చూడాల్సింది మంచి చుట్టు ఎంతన్నది కాదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం ఎంతన్నది. 2 నిమిషాల 8 సెకన్లు, 2:19, 2:11 తిరిగినవాడికన్నా 2:13, 2:12, 2:13 తిరిగినవాడే ముందున్నాడు. మొదటివాడి 8 ఎక్కడినుంచి వచ్చిందో వాడికే తెలియదు, మళ్లీ తెమ్మంటే తేలేడు. రెండోవాడు రేపు ఒక్క మలుపులో ఒక్క పని మార్చి, దాని ఫలితాన్ని గడియారంలో చదువుకోగలడు. విడతకు ఒక్క సంగతే పెట్టుకోవాలి. ఈ విడత కళ్లు, తర్వాతి విడత బ్రేకు వదలడం. మొదటి విడతల్లో సమయం చూడకపోవడమే మంచిది. టైర్లు వేడెక్కడానికి చుట్టో రెండో నెమ్మదిగా తిరగాలి. మద్రాసు ఎండలో తోలు సూటు లోపల ఒంట్లో నీరు త్వరగా హరించుకుపోతుంది, దాంతో పాటే ధ్యాసా పోతుంది. గుర్తులు దాటిపోయాక గుర్తుకు రావడం మొదలైతే ఆ రోజుకు చాలించాలి.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. తోలు సూటు, టైర్లు, ప్రవేశ రుసుము కలిపితే పల్లె కుటుంబానికి చిన్న మొత్తం కాదు. అయినా నేను దీని గురించి ఇంత పట్టుదలగా రాయడానికి కారణం రోడ్డు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. మనం పిల్లలకు బండి కొనిస్తున్నాం, తాళం ఇస్తున్నాం. బ్రేకు పట్టడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు. ట్రాక్‌లో ఒకరోజు గడిపినవాడికి వేగం ఎంత కష్టమైన పనో తెలుస్తుంది. వాడు రోడ్డు మీద పందెం కట్టడానికి వెనకాడతాడు.

ట్రాక్ నుంచి రోడ్డుకు తెచ్చుకోకూడనిది ఒకటుంది. అది గీత. బయటినుంచి లోపలికి, లోపలినుంచి బయటికి పోయే ఆ గీతను గువ్వలచెరువు ఘాటులో పట్టినవాడు ఎదురొచ్చే లారీ కిందికి పోతాడు. రోడ్డు మీద మన సగం మనదే, మలుపు అవతల ఏముందో కనిపించేదాకా ఆ సగంలోనే బయటివైపు ఉండాలి. తెచ్చుకోవాల్సినవి మిగతావి. చూపు దూరం పెట్టడం, మలుపుకు ముందే వేగం దించుకోవడం, ఎక్సలేటర్ సమంగా తెరవడం, చేతులు వదులుగా ఉంచడం.

ఇరుంగాట్టుకోట్టై దాకా పోలేనివాళ్లు ఊరి బయట బండ్లు తిరగని చదునైన నేల వెతుక్కోవచ్చు. ఇసుక, కంకర ఊడ్చేయాలి. హెల్మెట్, గ్లోవ్స్, బూట్లు వేసుకోవాలి, తోడు ఒకరు ఉండాలి. సుద్దతో గీత గీసి, 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టి, ఆగిన చోట మళ్లీ గీత గీయాలి. ముందు బ్రేకు మొదట తేలిగ్గా, తర్వాత గట్టిగా. రెండు గీతల మధ్య దూరాన్ని అడుగులతో కొలిచి రాసుకోవాలి. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. 50తో పది మీటర్లలో ఆగే బండికి 100తో సుమారు నలభై మీటర్లు కావాలి, అదీ చెయ్యి బ్రేకు మీదికి పోయాక. పది సార్లు పట్టినా దూరం అడుగు తేడాతో నిలిచినప్పుడు 40కి పెంచాలి, అక్కడ కూడా నిలిచాకే 50కి.