ఎవర్ని లెక్కపెట్టారు?

మా చిన్నమ్మ కూతురు ఎమ్మే సైకాలజీ చదువుతోంది. ఈమధ్య గణాంకాలూ పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, నువ్వు డాక్టరేట్ చేశావు కదా, ఇది కాస్త చెప్పవూ" అంది. నాది సాహిత్యం కదా అని నవ్వి తప్పించుకున్నాను. తర్వాత ఆ నవ్వు నన్నే గుచ్చింది. అంకెలు వాళ్ళవి, అనుభవం మనది అని ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నాం! ఈ పంపకం చేసిందెవరు?

ఆ రాత్రి పుస్తకం తెరిచాను. సగటు, విచలనం, శాంపిల్. వాక్యాలన్నీ "ఎంపిక చేయబడినవి", "కొలవబడినవి" అంటూ నడుస్తాయి. ఎంచిందెవరో, కొలిచిందెవరో కనిపించరు. కథలో కథకుడెవరని పట్టుబట్టి అడిగే మనం ఇక్కడెందుకు ఊరుకుంటాం?

ఊరుకోని ఒక స్త్రీ ఉంది. లెటా హోలింగ్‌వర్త్. 1908లో నెబ్రాస్కా నుంచి న్యూయార్క్ వచ్చింది. పెళ్ళయిన స్త్రీ కాబట్టి అక్కడి బడుల్లో టీచరు ఉద్యోగం ఇవ్వలేదు. ఆ రోజుల్లో సైకాలజీలో ఒక వాదం బలంగా ఉండేది. స్త్రీ పురుషుల తెలివి సగటున సమానమే అయినా, విచలనం పురుషుల్లో ఎక్కువట. రెండు తరగతుల సగటు మార్కులు యాభయ్యే అనుకోండి. ఒక తరగతిలో అందరూ నలభై అయిదుకీ యాభై అయిదుకీ మధ్య ఉంటే, రెండో దాంట్లో పదీ ఉంటాయి, తొంభయ్యీ ఉంటాయి. ఆ తొంభైలూ పదులూ మగవాళ్ళవేనన్నమాట. కాబట్టి మేధావులూ వాళ్ళే, మందబుద్ధులూ వాళ్ళే. మందమతుల సంస్థల్లో మగవాళ్ళు ఎక్కువగా ఉండటమే దీనికి రుజువని చూపించేవారు. స్త్రీలకు పైచదువులెందుకన్న వాదనకు ఇదే ఆధారం. కొలంబియాలో ఆమె గురువు థార్న్‌డైక్ కూడా ఈ మాటే రాశాడు.

హోలింగ్‌వర్త్ ఆవేశపడలేదు, లెక్క అడిగింది. ఆ సంస్థలకి ఎవరు వస్తారు? మగపిల్లాడు బయట పోటీలో వెనకబడగానే చిన్నప్పుడే తీసుకొస్తారు. ఆడపిల్ల ఇంట్లో పనులు చేస్తూ ఉండిపోతుంది, వయసు మీరాక ఎప్పుడో వస్తుంది. ఆ అంకె కొలిచింది తెలివిని కాదు, ఎవరు గడప దాటగలరన్న సంగతిని. శాంపిల్‌లో పక్షపాతమంటే ఇదే. 1914లో హెలెన్ మాంటేగ్‌తో కలిసి వెయ్యిమంది ఆడశిశువుల, వెయ్యిమంది మగశిశువుల కొలతలు పరిశీలించింది. మగపిల్లలు సగటున కాస్త పెద్దగా ఉన్నారు. విచలనంలో వాళ్ళది పైచేయి కాదు.

అదే ఏడాది అచ్చయిన ఆమె సిద్ధాంత గ్రంథం, నెలసరి రోజుల్లో స్త్రీల బుద్ధి మందగిస్తుందన్న నమ్మకాన్ని పరీక్షించింది. అలాంటి తగ్గుదల ఆమెకు కనిపించలేదు. ఇక్కడ మాత్రం నాకు రెండు పేచీలున్నాయి. పరీక్షించింది 23 మంది స్త్రీలని. ఇంత చిన్న శాంపిల్‌లో "తేడా కనబడలేదు" అనొచ్చు గానీ "తేడా లేదు" అనలేం. పోల్చి చూడటానికి పెట్టుకున్నది ఇద్దరు పురుషుల్ని. కొలబద్ద మళ్ళీ పురుషుడే అయ్యాడు. తర్వాతి రోజుల్లో ఆమె, ప్రతిభ ప్రధానంగా వారసత్వమేనని నమ్మింది, సుప్రజననవాదానికీ మద్దతిచ్చింది. పరిస్థితుల బరువుని అంత బాగా లెక్కగట్టిన మనిషి, పేదల విషయంలో ఆ లెక్క మర్చిపోయింది. పద్ధతి నేర్చుకున్నంత మాత్రాన చూపు దానంతటదే న్యాయమైపోదు.

అయినా ఆమె మనకొక దారి చూపించింది. అంకె అబద్ధమని కొట్టిపారేస్తే అది అవతలివాళ్ళ చేతిలోనే ఉండిపోతుంది. ఎవర్ని లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు, దేంతో పోల్చారు అని అడిగితే అదే అంకె మన తరపున సాక్ష్యం చెబుతుంది. ఇది విమర్శే. మనకి బాగా తెలిసిన పనే.

మర్నాడు చెల్లెల్ని పిలిచి విచలనం దగ్గర్నుంచి మొదలుపెట్టాం. సూత్రాలు తను నాకు చెప్పింది, ప్రశ్నలు నేను తనకి చెప్పాను.