బీడీలు పూలైన బొమ్మ

మా తమ్ముడింట్లో ముందు గదిలో అమ్మ బొమ్మ ఉంది. అందరూ దాన్ని ఆయిల్ పెయింటింగ్ అంటారు గానీ దానికోసం కుంచె పట్టినవాళ్లెవరూ లేరు. 1996లో మా బంధువొకాయన తీసిన మామూలు కలర్ ఫోటో అది. 2013లో అమ్మ సంవత్సరీకానికి ఒక స్టూడియోవాళ్లు దాన్ని కంప్యూటర్లో పెయింటింగులా మార్చి, కాన్వాసు మీద ప్రింటు తీసి, బంగారు రంగు ఫ్రేము కట్టి ఇచ్చారు. అసలు ఫోటోలో అమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చుట్టిన బీడీలు. మోకాలి పక్కన కత్తెర. వెనక గోడవారన ఎర్ర ప్లాస్టిక్ బకెట్. పెయింటింగులో కత్తెర నేల రంగులో కలిసిపోయింది. బీడీలు లేత పసుపు మొగ్గలయ్యాయి. కొత్తగా చూసినవాళ్లు అమ్మ పూలు కడుతోందనుకుంటారు. "అత్తమ్మ లక్ష్మీదేవి లెక్క ఉన్నది" అని మా మరదలు మురిసిపోయింది. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినప్పుడు నాకూ బాగుందనే అనిపించింది. నెత్తి మీద గాజుపెంకుల వాన కురిసినట్టు అయింది తర్వాత, ఇంటికొచ్చి పాత ఆల్బం తెరిచినప్పుడు.

బీడీలు పూలెట్లా అయ్యాయి? కొన్నాళ్లు ఈ ప్రశ్న పట్టుకుని ఫోటోషాప్ నేర్చుకున్నాను. ఫోటోను రంగుల బొమ్మగా మార్చే ఫిల్టర్ల వెనక ఉన్న పద్ధతుల్లో ఒకటి, 1976లో జపాన్ పరిశోధకులు గుండె పరీక్షల చిత్రాల్లో గజిబిజి తగ్గించడానికి తయారు చేసినది. కువహారా ఫిల్టర్ అంటారు. అది బొమ్మలోని ప్రతి చుక్క చుట్టూ ఒక చదరం గీసి, దాన్ని నాలుగు భాగాలు చేసి, ఏ భాగంలో తేడాలు అతి తక్కువో వెతుకుతుంది. ఆ భాగపు సగటు రంగును తెచ్చి ఆ చుక్కకు పూస్తుంది. పెద్ద అంచులు నిలుస్తాయి. చీర కొంగు, దవడ గీత, గోడ మూల అలాగే ఉంటాయి. చిన్న చిన్న తేడాలన్నీ పోతాయి. కుంచె ముద్దలా కనపడేది ఆ సగటే. ఫోటోకి ఏదో కలిపినట్టు కనిపిస్తుంది గానీ ఇక్కడ జరిగేది తీసివేత.

అమ్మ చేతుల్లో ఉన్నవన్నీ చిన్న తేడాలే. దారం కోసిన గీతలు, తంబాకు మరక, బీడీ మూతి ఒత్తి ఒత్తి నునుపు తేలిన వేలికొసలు. మా నిజామాబాదు వైపు బీడీలు చేసే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. ఒక స్త్రీ జీవితం ఇంత సన్నటి అక్షరాలతో రాసి ఉంటే, తక్కువ తేడా ఉన్నచోటునే ఎంచుకునే యంత్రం దాన్ని ఎట్లా చదువుతుంది?

అయితే ఫిల్టరుకి బీడీ తెలియదు, పువ్వూ తెలియదు. అది పసుపు మచ్చల దగ్గరే ఆగింది. పూలను చూసింది మనం. కాన్వాసు మీద, బంగారు ఫ్రేములో, చీర కట్టుకున్న ఆడమనిషి ఒళ్లో పసుపు మచ్చలుంటే అవి పూలే అయి ఉండాలని మన కంటికి ఎవరో ముందే చెప్పి పెట్టారు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టినప్పటి నుంచి కాలెండర్ల మీద, పూజగదుల్లో, అగ్గిపెట్టెల మీద ఆ చెప్పడం సాగుతూనే ఉంది. పెయింటింగులోకి ఎక్కిన స్త్రీ వీణ పట్టుకోవచ్చు, పండు పట్టుకోవచ్చు, పసిబిడ్డను ఎత్తుకోవచ్చు. వెయ్యి బీడీల లెక్క అప్పజెప్పడానికి ఆమెకి ఆ ఫ్రేములో చోటు లేదు.

ఈ యంత్రాలను ఎవరి ఒంటి మీద పరీక్షించారో కూడా చూడాలి. ఫోటోషాప్ రూపకర్తల్లో ఒకడైన జాన్ నోల్ దాని పనితనం చూపించడానికి తిప్పిన ఫోటో, బోరా బోరా దీవి ఒడ్డున మనవైపు వీపు పెట్టి అర్ధనగ్నంగా కూర్చున్న తన స్నేహితురాలు జెన్నిఫర్‌ది. అంతకుముందే 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ప్లేబాయ్ పత్రిక నుంచి లేనా అనే మోడల్ బొమ్మను భుజాల దాకా కత్తిరించి కంప్యూటరుకెక్కించారు. తర్వాత దశాబ్దాల పాటు చిత్రాల మీద పనిచేసే ప్రతి కొత్త పద్ధతినీ ఆ ముఖం మీదే సరిచూసుకున్నారు. ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ తన పత్రికల్లో ఆ బొమ్మ ఇక వద్దని చెప్పడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. ఇక 2015లో జర్మనీ పరిశోధకులు ఏ ఫోటోనైనా ఏ చిత్రకారుడి శైలిలోకైనా మార్చే పద్ధతిని ప్రకటించారు. ఆ మరుసటి ఏడు వచ్చిన ప్రిస్మా లాంటి యాప్‌లకు అదే దారి. ఆ మొదటి వ్యాసంలో ట్యూబింగెన్ నగరపు నది ఒడ్డు ఫోటోని ఐదు పెయింటింగుల శైలిలో చూపించారు. టర్నర్, వాన్‌గో, మంక్, పికాసో, కాండిన్‌స్కీ. ఐదుగురూ మగవాళ్లే. ఒక స్త్రీ ఉంది, పికాసో బొమ్మలో నగ్నంగా కూర్చుని. దీన్ని కుట్ర అనను. శైలి అంటే ఎవరిదో, వస్తువు అంటే ఎవరో వాళ్లకి ఆలోచించకుండానే తెలుసు, అంతే.

మసక అంటేనే నాకు పడదని అనుకోవద్దు. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ నలభై ఎనిమిదో ఏట కెమెరా చేతికొచ్చాక కావాలనే ఫోకస్ వదులు చేసి ముఖాలను చిత్రించింది. ఆమెకు పని రాదని విమర్శకులు వెక్కిరించారు. ఆ మసక ఆమె నిర్ణయం. మన దగ్గర పందొమ్మిదో శతాబ్దంలో ఫోటోల మీద రంగులు వేసిన చిత్రకారులు కూడా ముక్కుపుడకను ముక్కుపుడక అని తెలిసే దిద్దారు. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీకి దాన్ని అప్పగించాడు. అక్కడ ఎవరు ఎవరిని చూడవచ్చన్నది కెమెరా కంటే ముందే తేలాల్సిన విషయం. పుష్పమాల ఎన్. 2000-2004 మధ్య క్లేర్ ఆర్నితో కలిసి చేసిన ఫోటోల్లో తానే రవివర్మ లక్ష్మిగా నిలబడింది. ఆ ఫోటోలో వేషం వేషంగానే కనిపిస్తుంది. మా మరదలు మాట విన్నప్పటి నుంచీ ఆ ఫోటో నాకు గుర్తొస్తూనే ఉంది.

ఇంతవరకూ రాసి నేను ఆగిపోయిన చోటు ఒకటుంది. ఆ ఫోటో తీసేరోజు అమ్మ "ఆగు, చీర మార్చుకుని వస్తా" అంది. బంధువు ఆగలేదు. చేతులు కొంగు కింద దాచుకోబోయింది, అప్పటికే మీట నొక్కేశాడు. ఆ లెక్కన చూస్తే తమ్ముడి పెయింటింగే అమ్మ కోరికకు దగ్గరగా ఉందేమో. ఆమె శ్రమ కనపడి తీరాలన్న పట్టుదల, ఆ బీడీల డబ్బుతో చదువుకుని వ్యాసాలు రాస్తున్న నాది. ఆమె దాచుకోవాలనుకున్న చేతులను నేను స్త్రీవాదం పేరుతో బయటికి లాగుతున్నానా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. దాచుకునే హక్కు ఆమెది. పూలుగా మార్చే హక్కు మాత్రం ఎవరిదీ కాదనిపిస్తుంది. అంతవరకే చెప్పగలను.

చివరికి నేనూ ఒక బొమ్మ చేశాను. ఫోటోని స్కాన్ చేసి, కింద ఒక పొరలో అసలుది ఉంచి, పై పొరకి రంగుల ఫిల్టరు వేశాను. తర్వాత పై పొరలో ఎక్కడ కావాలంటే అక్కడ మౌసుతో తుడుచుకుంటూ వచ్చాను. గోడ, అరుగు, చీర రంగుల్లోనే ఉన్నాయి. వేళ్ల దగ్గర, చాట దగ్గర, కత్తెర దగ్గర కింది ఫోటో బయటపడింది. పదకొండు రాత్రులు పట్టింది. ఒక్క మీటతో వచ్చిన బొమ్మకీ దీనికీ తేడా అందంలో లేదు, ప్రతి అంగుళం దగ్గరా ఆగి ఇది ఏమిటి అని అడగవలసి రావడంలో ఉంది. గర్వంగానే ప్రింటు తీయించి, అమ్మతో ముప్పై ఏళ్లు బీడీలు చేసిన మా పెద్దమ్మకి తీసుకుపోయి చూపించాను.

పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఒక్కొక్కటే తడుముతూ, "కత్తెరున్నది. ఆకున్నది. తంబాకున్నది" అంది. తర్వాత గోడవారకి వచ్చి వేలు ఆపింది.

"బకీట్ ఏది?"

ఆ ఎర్ర ప్లాస్టిక్ బకెట్ బొమ్మకి ఎబ్బెట్టుగా ఉందని మొదటి రాత్రే నేను తీసేశాను. ఆ మాటే చెప్పాను.

"ఆకు దేంట్ల తడిపింది మరి? ఎండాకు కత్తిరిస్తే పలుగదా బిడ్డా?"