వల్లూరుది ఎన్నో స్థానం?

మండలాల వారీ వర్షపాతం పట్టిక పేపర్లో పడితే అందరూ ముందు వెతికేది తమ మండలం ఎన్నోదా అని. ఆ ర్యాంకును వానే ఇచ్చిందనుకుంటాం గానీ, అందులో పట్టిక గీసినవాడి చేయి కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కడప జిల్లా నుంచి రాజంపేట, రాయచోటి వైపు మండలాలు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి, వల్లూరు మండలం కడప జిల్లాలోనే ఉంది. పాత ఏడాది లెక్కలనే తీసి కొత్త జిల్లాలో ర్యాంకులు కట్టి చూడండి. వెళ్లిపోయిన వాటిలో వల్లూరు కంటే ఎక్కువ వాన పడినవి ఎన్ని ఉంటే అన్ని మెట్లు వల్లూరు పైకెక్కుతుంది, అక్కడి పుష్పగిరి దగ్గర పెన్నలో చుక్క నీరు పెరగకుండానే.

సూత్రం రాయడం పెద్ద పనేమీ కాదు. ఎక్సెల్‌లో కౌంటిఫ్స్‌తో, ఇదే జిల్లాలో నాకంటే పెద్ద అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఒకటి కలిపితే ర్యాంకు వచ్చేస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో 'పార్టిషన్ బై'తో జిల్లాలవారీగా విడగొట్టి ర్యాంకు ఫంక్షన్ వాడితే అదే పని అవుతుంది. చిక్కంతా సమానాల దగ్గర. రెండో స్థానంలో రెండు మండలాలుంటే, తర్వాతి దానికి 'ర్యాంక్' ఫంక్షన్ 4 ఇస్తుంది, 'డెన్స్ ర్యాంక్' 3 ఇస్తుంది. 'రో నంబర్' మాత్రం ఆ రెండింటిలో ఒకదాన్ని ఏ కారణం చెప్పకుండా కిందికి తోస్తుంది. టాబ్లోలో ఫిల్టర్ పెట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులనే మిగిలిస్తే ర్యాంకు ఆ మూడింటి మధ్యే తేలుతుంది; ఎక్కడో అడుగున ఉన్నది కూడా ఒకటో నంబరై కూర్చోవచ్చు.

రాష్ట్రమంతటినీ ఒకే వరుసలో నిలబెడితే ఈ పేచీలే ఉండవు కదా అనవచ్చు. కానీ జమ్మలమడుగును కోనసీమ పక్కన నిలబెడితే తెలిసేది భూగోళమే, ఈ ఏడాది సంగతి కాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించినప్పుడు ఒప్పుకున్నదీ ఇదే: ఎవరితో పోల్చాలో తేలాకే ర్యాంకుకు అర్థం.

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా అన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది, దాన్ని కొట్టేయలేం. కరువు మండలాల్లో మొదటిదైనంత మాత్రాన పంట పండదు. అందుకే ర్యాంకు పక్కనే అసలు మిల్లీమీటర్లు, గుంపులో ఎన్ని మండలాలున్నాయో ఆ సంఖ్య కనిపించాలి. జిల్లా గీతలు మారిన ఏడాదికి పాత జిల్లా పేరుతో ఇంకో కాలమ్ ఉంచాలి. లేదంటే 2021 ర్యాంకును 2022 ర్యాంకుతో పోల్చే హక్కు ఎవరికీ లేదు.