మాటకు జమానతు ఎవరు?

దంతాలపల్లిలో సరుకు అమ్ముకునేవాళ్ళకు నాలుగు మాటలు రాసిచ్చే పని నాది. మొదట్లో గోడల మీద రాసేవాణ్ణి. తర్వాత ఫ్లెక్సీలకు, ఆటో మైకులకు రాశాను. ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్ స్టేటస్‌లకు, ఇన్‌స్టా రీళ్ళకు రాస్తున్నాను. సాధనం మారినప్పుడల్లా పని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. కొనేవాళ్ళు అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే: చెప్తున్నదెవరు?

ఒకప్పుడు బొడ్రాయి కాడ డప్పు కొట్టి చాటింపు వేస్తే, అది ఎవరి తరఫున వచ్చిన మాటో ఊరందరికీ తెలిసేది. పశువుల అంగట్లో దళారి మంచిదని చెప్పి ఇప్పించిన ఎద్దు నాగలి కట్టగానే కూలబడితే, కొన్న రైతు తెల్లారేసరికి అతని వాకిట్లో ఉండేవాడు. పై వారం అదే అంగట్లో అందరికీ మొహం చూపించాలి కాబట్టి దళారి కొంత ఆచితూచి మాట్లాడేవాడు. అబద్ధాలు అప్పుడూ ఉన్నాయి. అబద్ధమాడినవాడి ఇల్లు ఎక్కడో తెలిసేది, అంతే తేడా.

ఎరిగినవాళ్ళ నోటి మాటకున్న ఈ విలువను అమెరికా కంపెనీలు బాగా పసిగట్టాయి. 1997లో సిక్స్ డిగ్రీస్ అనే సైటు తెలిసినవాళ్ళ పేర్లను జాబితాగా కట్టే పని మొదలుపెట్టింది. అప్పటికి నెట్‌లో ఉన్న జనమే తక్కువ, అది ఎక్కువ కాలం నిలవలేదు. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ వచ్చాయి. మొదట్లో అక్కడ జరిగింది పిచ్చాపాటీయే. అసలు మలుపు 2007 నవంబరులో వచ్చింది. వ్యాపారాలు తమ పేరుతో పేజీలు పెట్టుకోవచ్చని ఫేస్‌బుక్ ప్రకటించింది. దాంతోపాటే, ఫలానా సరుకు మీ స్నేహితుడికి నచ్చిందంటూ అతని పేరు పక్కనే ప్రకటన చూపించే ఏర్పాటు చేసింది. బీకన్ అనే మరో ఏర్పాటైతే, మనం వేరే సైట్లలో ఏం కొన్నామో మన స్నేహితులకు చాటింది. జనం మండిపడ్డారు, దావా పడింది, 2009లో దాన్ని మూసేశారు. మూసింది బీకన్‌ను మాత్రమే. మన చుట్టాల పేరు, స్నేహితుల పేరు అడ్డుపెట్టి సరుకు అమ్మవచ్చన్న ఆలోచన అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది.

మా దగ్గరికి అది 2016లో చేరింది. ఆ సెప్టెంబరు 5న జియో మొబైల్ నెట్ మొదలైంది, అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా అయింది. నరసింహులపేట మండలంలో ఉన్న మా ఊరు తనే మండల కేంద్రమైంది. కొత్త ఆఫీసుల బోర్డులు రాసే పనీ, ఫోనులో ప్రకటనలు తయారుచేసే పనీ నాకు ఒకే ఏడాది తగిలాయి.

మా చిన్నమ్మ మిరప్పొడి అమ్ముతుంది. తాలు కాయలు ఏరి పక్కన పెట్టి, తొడిమలు తీసి, బాగా ఎండబెట్టి, గిర్నీకి తీసుకుపోయి పట్టిస్తుంది. దానికి ఫొటో తీయడం తేలిక కాదు. నీడలో తీస్తే కారం ఇటుకపొడిలా పడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే వెలిసిపోయినట్టు ఉంటుంది. పొద్దున ఎనిమిది గంటల ఎండలో, తెల్లగుడ్డ మీద పోసి తీస్తే ఉన్న రంగు ఉన్నట్టు వస్తుంది. ఫోనులో ఒక్క మీట నొక్కితే నెత్తురు రంగు తెప్పించవచ్చు. నేను నొక్కను. ఎందుకంటే జనం ఎరుపును చూసి ఘాటని అనుకుంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజకు ఘాటు ఎక్కువ. ఏ కాయ పట్టించామో పేరు రాస్తే కొనేవాళ్ళకు లెక్క తెలుస్తుంది.

చిన్నమ్మకు టైపు చేయడం రాదు. తన వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెడుతుంది. ఒక దఫా ఇలా పెట్టింది: “బిడ్డా, ఈసారి కాయ జర సప్పగున్నది. కూరల ఇంకో చెంచా ఎక్కువేసుకోండ్రి. వద్దనుకునేటోళ్ళు వచ్చే పట్టుదాక ఆగుండ్రి.” ఇన్నేళ్ళలో నేను రాసిన ఏ ప్రకటనా దానికి సాటి రాదు. హైదరాబాదులో ఉన్న మా ఊరివాళ్ళు అది విని కూడా తెప్పించుకున్నారు. మోసం జరిగితే అడగడానికి ఆమె ఇల్లు వాళ్ళకు తెలుసు.

ఇల్లు తెలియనివాళ్ళను కూడా ఫోను మన ఇంటి మనుషుల్ని చేస్తుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. అందులో గంగవ్వ మాట విన్న తెలంగాణ పల్లెలకు తమ ఇంటి పెద్దవ్వ మాట్లాడినట్టే అనిపించింది. పొలం పనులు చేసుకునే ఆ అవ్వ 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనిపించింది, 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్ళింది. మన యాస తెర మీదికి అంత గౌరవంగా వెళ్ళడం నాకు పండుగే.

అదే నమ్మకాన్ని బెట్టింగ్ యాప్‌లవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. అన్నా, తమ్మీ అని పిలిచే యూట్యూబర్లు అదే గొంతుతో, అదే నవ్వుతో, ఇందులో డబ్బులు వస్తాయని చెప్పారు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది. అయినా అప్పుల్లో మునిగి కుర్రాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసు అధికారి సజ్జనార్ ఆర్టీసీ ఎండీగా ఉంటూ దీనిమీద గట్టిగా ప్రచారం చేశారు. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు యూట్యూబర్ల మీద, సినిమా నటుల మీద కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ ఏకంగా చట్టమే చేసింది. పోయిన పిల్లల తల్లిదండ్రులు ఏ వాకిట్లోకి వెళ్ళి అడగాలి?

డబ్బు తీసుకుని చెప్పేవాళ్ళు అది ప్రకటన అని తెలపాలంటూ ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే వీలు 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది. కానీ మా ఊళ్ళో వీడియోలను చూసేవాళ్ళలో చదవలేనివాళ్ళు ఎంతోమంది. మూలన సన్నటి ఇంగ్లిషు అక్షరాలు వాళ్ళకు దేనికి పనికొస్తాయి? సరుకు గొప్పను ఏ గొంతుతో చెప్పారో ఆ గొంతుతోనే, వీడియో మొదట్లోనే, “ఇది చెప్పినందుకు నాకు పైసలు ముట్టినయి” అని చెప్పాలి. ఈ మధ్య నా దగ్గరికి రీళ్ళు రాయించుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి వాక్యంగా అదే రాసిస్తున్నాను. కొందరు కొట్టేస్తారు. వాళ్ళకు మిగతాది రాయను.