ఆవు లెక్కతో గేదె పడ్డ

పాడిపశువులను గూర్చిన చిన్న పుస్తకాలు కొన్నిటిలో ఆవును విపులంగా వర్ణించి, గేదెకు కూడా ఇంతే అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం కనిపిస్తుంది. ఎద విషయంలో ఆ ఒక్క వాక్యమే రైతుకు నష్టం తెస్తున్నది.

ఎదచక్రం రెండింటికీ సుమారు 21 రోజులే. కాని ఆవు అరచి ఊరంతా చాటుతుంది. గేదె పడ్డ తరచు ఊరకే ఉంటుంది. పడుకున్నచోట జారిన తీగలు, మాటిమాటికీ మూత్రం, ఇవే గుర్తులు. ఈ మూగ ఎద వేసవిలో మరీ ఎక్కువ. గుర్తించనివారు అండాశయం చక్కగా పనిచేస్తున్న పడ్డకు గొడ్డు అని పేరుపెట్టి సంతకు తోలుతారు.

ఇంతకంటె పెద్ద లోపం వయస్సునే కొలతగా చెప్పడం. ఈడు ప్రధానంగా బరువును బట్టి వస్తుంది: పెద్ద గేదె బరువులో సుమారు 55-60 శాతం. ముర్రా పడ్డకు ఇది 275 కిలోల ప్రాంతం. దూడగా పాలు చాలక, నట్టలు పట్టి, వట్టి వరిగడ్డితో పెరిగినదానికి మూడేళ్ళు దాటినా ఆ బరువు రాదు. పీయూషగ్రంథి నుండి అండాశయానికి తగిన ప్రేరణ అందదు. అట్టిదానికి హార్మోను సూది ఒక్కటే వేస్తే ఫలమేమి?

పుస్తకాలు చెప్పవలసినది టేపు సంగతి. ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో వర్గంచేసి, భుజం మొననుండి పిరుదు ఎముక వరకు గల పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే సుమారు 273. (ఇది అంచనాయే, కాటా కాదు.) ఆ బరువు వచ్చి, వేసవి గడచినా ఎద కానరాకుంటే, అప్పుడు పశువైద్యునిచే అండాశయ పరీక్ష చేయించాలి.